ఉప్పునీళ్ళు తాగిన ఇంజను

పదకొండోసారి సెల్ఫ్ కొట్టేసరికి ఇంజను ఠక్‌మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. అంతకుముందు పదిసార్లూ కనీసం గిర్రున తిరిగింది, మూలిగింది, ఇదిగో లేస్తున్నా అన్నట్టు ఆశపెట్టింది. ఈసారి అదీ లేదు. కోడలు తాళంచెవి మీద వేలు అలాగే ఉంచి కొయ్యబారిపోయింది. ఆమె పళ్ళ డాక్టరు. పన్ను పీకుతున్నప్పుడు వేరు లోపల విరిగిందంటే చెవికన్నా ముందు చేతికే తెలుస్తుంది. ఇప్పుడూ చేతికే తెలిసింది.

పడవ కట్టేసిన చెక్కవంతెన మీద నుంచి మామగారి కేక వినపడింది. "ఆపు! తాళం వదిలెయ్! ఎన్నిసార్లు కొట్టావు?"

"పదో... పదకొండో మామయ్యా."

"సముద్రపు నీళ్ళ వాల్వు మూసి కొట్టావా, తెరిచి కొట్టావా?"

"తెరిచే. మీ పుస్తకంలో తెరవమనే ఉంది కదా?"

ఆయన తాడు పట్టుకుని పడవలోకి దిగాడు, మెట్ల వెనక ఇంజను ఉండే అర తలుపు తీశాడు, సైలెన్సర్ డబ్బా మీద వేళ్ళతో తట్టాడు. ఖాళీ డబ్బా అయితే డబడబమనాలి. ఇది నీళ్ళబిందెలా మొద్దుగా పలికింది. ఆయన ముఖంలో రంగు దిగిపోయింది.

"ముంచేశావు తల్లీ," అన్నాడు. "నా ఇంజను నీళ్ళలో ముంచేశావు."

ఆ మాటకి కోడలి గుండెలో ఎంత కలుక్కుమందో చెప్పాలంటే ముందు వాళ్ళ కథ కాస్త చెప్పాలి. ఆ పడవ ఇరవై ఎనిమిది అడుగుల తెరచాప పడవ. ముగ్గురు పడుకోవచ్చు, రెండు మంటల స్టవ్ ఉంది, గాలి ఉన్నంతసేపు తెరచాపతో పోవచ్చు. గాలి లేనప్పుడూ, రేవులోకి వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ మాత్రం మెట్ల కింద కూర్చున్న ఈ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనే దిక్కు. కుట్టుమిషనుకన్నా కాస్త పెద్దది, అంతే. అచ్చాఫీసులో ఫోర్‌మన్‌గా చేస్తూ మామగారు దాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాడు. రేవులో అందరూ ఆయన్ని డీజిల్ తాత అంటారు. ఇంకొకడి చెయ్యి ఆ ఇంజను మీద పడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. కొడుకు ఎటూ ముట్టుకోడు. కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆ మహానుభావుడికి పడవ కట్టేసి ఉన్నా కడుపులో తిప్పుతుంది. సముద్రం పిచ్చి మాత్రం కోడలికి అంటుకుంది. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేమీ లేని చోటు దొరికితే వదులుతుందా?

రెండేళ్ళుగా మామగారి చేతులు వణుకుతున్నాయి. ఈ ఏడు మొదట్లో ఆయన పట్టుకున్న నట్టు మూడుసార్లు జారి పడవ అడుగున పడింది. ఆ రోజే తేల్చి చెప్పేశాడు. "ఇంజను సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరైనా లేకుండా పడవ ఉంచుకోవడం ప్రాణాలతో ఆట. అమ్మాయి నేర్చుకుంటే పడవ ఉంటుంది. లేదా, ఈ ఏటితో సరి. విప్పేసి తుక్కుకి ఇచ్చేద్దాం." అచ్చు అక్షరాల్లాంటి గుండ్రటి రాతతో ఇంజను లేపడానికి పద్నాలుగు మెట్లు రాసి పుస్తకం కోడలి చేతికిచ్చాడు. రెండు నెలలు అప్పజెప్పించుకున్నాడు. ఈ పొద్దున తను వంతెన మీద నిలబడి, మొదటిసారిగా ఆమెని ఒక్కదాన్నే ఇంజను లేపమన్నాడు. నాలుగు గంటల దూరంలో ఉన్న దీవికి పోవాలని అత్తగారితో సహా ముగ్గురూ తయారై వచ్చారు. అదుగో, జరిగింది ఇదీ.

ఇంజను చల్లగా ఉండటానికి సముద్రపు నీళ్ళు తాగుతుంది. తాగిన నీళ్ళని పొగతోపాటు వెనక గొట్టంలోంచి బయటికి ఉమ్మేస్తుంది. ఉమ్మడానికి ఊపిరుండాలి కదా! ఇంజను లేవకపోతే ఊపిరెక్కడిది? నీళ్ళ పంపుకి ఆ సంగతి పట్టదు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ తన పని తాను చేసుకుపోతుంది. సైలెన్సర్ డబ్బా నిండుతుంది, వెనక్కి పొంగుతుంది, సిలిండర్లలోకి దిగుతుంది. గాలినైతే నొక్కొచ్చు. నీళ్ళు నొక్కుడు పడవు. అందుకే ఆ ఠక్‌మన్న చప్పుడు.

"నీళ్ళు తీసేస్తే సరిపోదా మామయ్యా?"

"అవి ఉప్పునీళ్ళమ్మా. సాయంత్రంలోపు మళ్ళీ నడిచి, వేడెక్కి, ఒంట్లో నూనె తిరిగిందా, బతికినట్టు. లేదూ, రేపు పొద్దున్నకి లోపల తుప్పు పట్టి పిస్టన్లు గోడలకి అతుక్కుపోతాయి. ఆ తర్వాత ఎవడొచ్చినా చేసేదేం లేదు."

రేవు మెకానిక్ షెడ్డు దాకా అత్తగారు వెళ్ళి వచ్చింది. షట్టరు దించి ఉంది, మూడు రోజుల తర్వాత వస్తానని సుద్దముక్కతో రాసి పెట్టాడట. "వాడికి సెలవులు, మనకి చావు," అంటూ ఆవిడ బుట్ట కింద పెట్టింది. మామగారు తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. అవి ఆగలేదు. కుడిచెయ్యి మరీనూ.

"నా చేతులు రావు," అన్నాడు చివరికి. "నీ చేతులు, నా నోరు. లోపలికి దూరు."

దూరడమంటే మాటలా! ఇంజను అర తలుపు మూరన్నర పొడుగు, మూర వెడల్పు. ఒక భుజం ముందు పంపి, తల వంచి, రెండో భుజం ఈడ్చుకోవాలి. లోపల డీజిలు వాసన, తడి, మోచెయ్యి పెట్టిన చోటల్లా ఏదో ఒక బోల్టు. కోడలు తన పనిసంచిలోంచి నుదుటికి కట్టుకునే దీపమూ, పళ్ళు చూసే బుల్లి అద్దమూ తీసుకుంది. ఇంజను వెనక వైపు మనిషి తల పట్టదు, ఆ అద్దం మాత్రం పట్టింది. "నోరు పెద్దగా తెరువు నాయనా," అంది అలవాటుగా. మామగారికి నవ్వు రాలేదు గానీ అత్తగారు పగలబడి నవ్వింది.

ముందు వాల్వు మూశారు. సైలెన్సర్ అడుగు మర విప్పితే బకెట్టూ ముప్పావు నీళ్ళు వచ్చాయి. తర్వాత ఇంజెక్టర్లు పీకాలి. ఒక్కో సిలిండరు నెత్తిన ఒకటి, చూపుడువేలంత పొడుగున్న ఉక్కు కడ్డీలు. వాటిలోంచే డీజిలు లోపలికి చిమ్ముతుంది. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది పట్టేసుకుంది. మామగారికి కంగారెక్కువైపోయి "సుత్తితో ఒకటివ్వు" అంటాడు, అంతలోనే "వద్దు వద్దు, విరుగుతుంది" అంటాడు. కోడలు ఆయన మాట వినడం ఆపేసింది. గట్టిగా లాగితే పన్ను రాదు, విరుగుతుంది. అటూ ఇటూ పిసరంత ఆడిస్తూ, దానంతటది వదులయ్యేదాకా ఓపిక పట్టాలి. పావుగంట ఆడించింది. చిన్న చప్పుడుతో ఊడి చేతిలోకి వచ్చింది.

మామగారు ఆ ఇంజెక్టరుని చూడలేదు, ఆమె వేళ్ళవంక చూశాడు. "ఇది నేను పీకుంటే విరిగేది," అన్నాడు. ఆ పూటకి ఆయన అన్న మొదటి మంచిమాట అదే.

చేత్తో తిప్పే ఇనప హ్యాండిలు ఆయనే పట్టుకున్నాడు. తిప్పడానికి వణుకు అడ్డం కాదు. ఒక్క చుట్టు తిరిగిందో లేదో రెండు రంధ్రాల్లోంచీ నీళ్ళు చివ్వున లేచి కోడలి ముఖం నిండా పడ్డాయి. ఉప్పగా ఉన్నాయి. "థూ!" అని ఉమ్మి, ఇంకా తిప్పమంది. నీళ్ళు తగ్గి, తుంపరై, చివరికి ఉత్త గాలి వచ్చేదాకా తిప్పారు. అడుగున ఆయిలు తీస్తే అది నల్లగా లేదు, పాలెక్కువైన టీలా ఉంది. అదంతా తోడి పారబోసి కొత్త ఆయిలు పోశారు. సిలిండర్లలోకి తలో రెండు చెంచాలు వేసి మళ్ళీ తిప్పారు.

అప్పుడడిగింది కోడలు, రంధ్రాల్లోకి దీపం వేసి చూస్తూ. "మామయ్యా, ప్లగ్గులెక్కడున్నాయి? నిప్పు పుట్టించేవి?"

"డీజిలు ఇంజనుకి ప్లగ్గుండదు."

"మరి నిప్పెక్కణ్ణించి వస్తుంది?"

ఆయన హ్యాండిలు వదిలేసి కింద కూర్చున్నాడు. రెండు నెలలు పద్నాలుగు మెట్లూ అప్పజెప్పించుకున్నాడే గానీ ఈ మాట మాత్రం చెప్పనేలేదని అప్పుడు తట్టింది కాబోలు.

"సైకిలు పంపు కొట్టావా ఎప్పుడైనా? కొడుతుంటే కింద గొట్టం వేడెక్కుతుంది, అవునా? అంతే. సిలిండరు నిండా గాలి పీల్చుకుంటుంది. పిస్టను పైకొచ్చి ఆ గాలినంతా ఇరవయ్యో వంతు చోట్లోకి నొక్కేస్తుంది. అలా నొక్కేసరికి గాలి ఎర్రటి పెనం కన్నా వేడెక్కిపోతుంది. సరిగ్గా ఆ క్షణానికి ఈ కడ్డీ డీజిలు చిమ్ముతుంది. పడీపడగానే భగ్గుమంటుంది. అగ్గిపుల్ల లేదు, రవ్వ లేదు. గాలే నిప్పు."

కోడలు చదువుకున్న మనిషే, ఎక్కడో పుస్తకంలో చూసే ఉంటుంది. పుస్తకంలో చూడటం వేరు, ఆ గాలి నలిగే గదిలోకి తలపెట్టి చూడటం వేరు. దీపం వెలుగులో సిలిండరు గోడ నున్నగా మెరుస్తోంది. ఇంత చిన్న గదిలో, ఇదిగో, మనం పీల్చే ఈ గాలే, ఊరికే నొక్కితే నిప్పైపోతుందా? రెండు నెలలుగా తను దీన్ని నేర్చుకున్నానని ఎలా అనుకుందో ఆమెకే అర్థం కాలేదు. అబ్బ, అనుకుంది. అంతకుమించి ఏమీ తోచలేదు.

"అందుకే ముంచేశావన్నాను," అన్నాడు ఆయన, ఈసారి కోపం లేకుండా. "అందులో నీళ్ళు చేరితే ఏం నొక్కుతుంది?"

ఇంజెక్టర్ల కింద వేసే రాగి వాషర్లకి కొత్తవి లేవు. పాతవి నొక్కుకుపోయి గట్టిపడ్డాయి. ఆ పని అత్తగారికి అప్పజెప్పారు. ఆవిడ స్టవ్ మంట మీద వాటిని పట్టకారుతో ఎర్రబడేదాకా కాల్చి గ్లాసుడు నీళ్ళలో వేసింది. చుయ్‌మన్నాయి. తీసి చూస్తే వేలితో వంచినా వంగేంత మెత్తగా అయ్యాయి. "ఉక్కుని ఇలా చేస్తే ఇంకా గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది," అన్నాడు మామగారు. "ఈ వయసులో మీకూ ఒకసారి చేసి చూస్తే పోయె," అంది ఆవిడ గ్లాసు కడుగుతూ.

మధ్యాహ్నం రెండైంది. ఇంకో మూడు గంటలు దాటితే లాభం లేదని ఆయన అంటూనే ఉన్నాడు. డీజిలు గొట్టాల్లో ఎయిర్ చేరింది కాబట్టి అది తీయాలి. ఫిల్టరు మీది బుల్లి మర వదులు చేసి, ట్యాంకులోంచి డీజిలు లాగే ఫీడ్ పంపు మీటని బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది కోడలు. ముందు నురగ వచ్చింది, బుడగలొచ్చాయి, వేలు వాచింది, చివరికి బుడగ లేని డీజిలు వచ్చింది. మర బిగించింది.

"ఇప్పుడు చూడు," అన్నాడు ఆయన. "ఇంజెక్టర్లని ఇంకా లోపల పెట్టకు. గొట్టానికి తగిలించి బయటికే ఉంచు, నేను తిప్పుతా. కీచుమని పొగలా చిమ్మాలి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకు, చర్మంలోంచి దూరిపోతుంది."

తిప్పాడు. ఏమీ రాలేదు. ఇంకా తిప్పాడు. ఒక్క చుక్క లేదు. గొట్టాల చివరి నట్లు వదులు చేసి మళ్ళీ తిప్పారు. అక్కడా లేదు. ఇంజెక్టర్లకి డీజిలు తోసే పెద్ద పంపు దాకా నిక్షేపంలా వస్తోంది, ఆ పంపు దాటి రావట్లేదు. ఆయన తిప్పుతూనే ఉన్నాడు, చొక్కా తడిసి ఒంటికంటుకుపోయింది. చివరికి అత్తగారు హ్యాండిలు లాక్కుంది.

"పంపు పోయింది," అన్నాడు. "అది పోతే అంతే. ఆ పంపు ఇప్పుడెక్కడా దొరకదు. చాల్లే అమ్మా, బయటికి రా. నీ తప్పు కాదు. దాని ఆయువు తీరింది."

కోడలు బయటికి రాలేదు. నీ తప్పు కాదు అన్న మాట ఆమెని ఓదార్చలేదు సరికదా, ఒళ్ళు మండించింది. పొద్దున్నించి తన తప్పేనని తిట్టించుకుంది, చేతుల్లో ఉన్న ఓపికంతా పోసింది, ఇప్పుడు ఆయనే చేతులు దులిపేసుకుంటే ఎలా? "నేను చూడాలి," అంది. అద్దం పంపు వెనక్కి పోనిచ్చింది. అక్కడ వేలి గోరంత చిన్న మీట ఒకటి పక్కకి వాలి ఉంది. వేలితో తోసింది. కదల్లేదు. విరిగింది కాదు, ఎవరో గట్టిగా పట్టుకుని లాగుతున్నట్టుంది. దానికి ఒక సన్నటి తీగ కట్టి ఉంది. ఆ తీగని వేళ్ళతో తడుముతూ పోయింది. ఇంజను పక్కనుంచి, చెక్కగోడలోంచి, పైకి. ఆమె పాక్కుంటూ బయటికొచ్చి, మెట్లెక్కి, పైన చుక్కాని పక్కన కూర్చునే బల్ల దగ్గర వంగి చూసింది. బల్ల అంచు కింద నల్లటి నాబు ఒకటి నాలుగు వేళ్ళ మేర బయటికి పొడుచుకుని ఉంది.

"మామయ్యా, ఈ నాబు బయటికుండాలా, లోపలికా?"

"ఏ నాబు?"

"ఇదే. ఈ బల్ల కింద."

"అది ఇంజను ఆపే నాబు. లాగితే డీజిలు ఆగుతుంది, ఇంజను ఆగుతుంది. లాగే ఉంచుతాను. ఊళ్ళో పిల్లకాయలెవరైనా ఎక్కి లేపకుండా, తాళం పెట్టినట్టు." ఆయన మెట్లెక్కి వచ్చాడు. "ఎందుకూ?"

అడుగుతూనే ఆయన తన చోట, ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చునే చోట, చుక్కాని పక్కన కూర్చున్నాడు. కూర్చుంటుంటే కుడి మోకాలు వెళ్ళి ఆ నాబుకి ఆనింది. టక్‌మని అది లోపలికి పోయింది.

ముగ్గురూ చూశారు. ఆయన తన మోకాలివంక, ఎవరిదో పరాయి మోకాలిని చూసినట్టు చూసుకున్నాడు.

పద్నాలుగు మెట్లు రాశాడు. పదిహేనోది రాయలేదు. ఎందుకు రాస్తాడు? అది తనకి తెలియనే తెలియదు కదా. ఏనాడో మోకాలు నేర్చుకుంది, ఆనాటి నుంచీ మోకాలే చేస్తోంది. పొద్దున్న కోడలు ఆ బల్ల మీద కూర్చోలేదు, నిలబడే సెల్ఫ్ కొట్టింది. సరే, అలా కొడుతూ పోతే వాల్వు మూసుకోవాలని ఎందుకు రాయలేదంటారా? మొదటి తిప్పుకే లేచే ఇంజనుకి పదకొండో తిప్పు సంగతి ఎవరైనా రాస్తారా? ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రాయాల్సిందే. ఆయనకి తట్టలేదు.

అత్తగారు చెంగుతో నోరు మూసుకుంది. "తన మోకాలు చేసే పని తనకే తెలియకపోవడం, అది మీకే చెల్లింది," అంది.

ఆయన నవ్వలేదు. "పొద్దున్నించి నిన్ను తిడుతూనే ఉన్నాను," అన్నాడు కోడలితో. "తప్పు నాది. నూటికి నూరుపాళ్ళు నాది." ఇంకా నెమ్మదిగా అన్నాడు, "అది కాదమ్మా నా భయం. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో! నా చేతుల్లో, నా చెవుల్లో, నాకే తెలియనివి. అవన్నీ నీకెలా రాసివ్వను?"

కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముందు తిప్పండి మామయ్యా," అంది. "నాలుగు కావస్తోంది."

తిప్పాడు. రెండో చుట్టులో, ఇంజెక్టరు కొసన, కీచ్‌మని పిచ్చుక పిల్ల అరిచినంత చప్పుడైంది. దీపం వెలుగులో తెల్లటి పొగ విసనకర్రలా విచ్చుకుని గాల్లో నిలబడి కరిగిపోయింది. చుక్క కాదు, ధార కాదు. జిడ్డోడుతూ ఆమె వేళ్ళకి పట్టిన ఆ డీజిలే, వెంట్రుక కూడా దూరని రంధ్రంలోంచి, పొగమంచై వచ్చింది. కోడలు "మళ్ళీ" అంది. మళ్ళీ కీచ్, మళ్ళీ పొగ. "ఇంకోసారి." ఆయన ఇంకోసారి తిప్పాడు. నాలుగోసారి కూడా అడిగింది. పని అయిపోయిందని ఇద్దరికీ తెలుసు, ఊరికే చూడటానికే అడిగింది. ఆయనా ఊరికే చూపించడానికే తిప్పాడు.

"ఇలా నిమిషానికి ఎన్నిసార్లు చిమ్ముతుంది?"

"మామూలుగా నడిచేటప్పుడు, ఒక్కోటీ వెయ్యిసార్లు. ఒక్కసారి కూడా తప్పదు. అది కాస్త ముందైనా, వెనకైనా నడవదు."

"ముప్పై ఒక్క ఏళ్ళూ?"

"ముప్పై ఒక్క ఏళ్ళూ."

ఆమె లెక్క వెయ్యబోయి మానుకుంది. తల తిరిగిపోయింది.

మెత్తబడ్డ వాషర్లు వేసి, ఇంజెక్టర్లు దించి, నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించింది. సైలెన్సర్ మర బిగించింది. కోడలు పైకొచ్చి తాళంచెవి తిప్పింది. ఒక తిప్పు, రెండు తిప్పులు. దగ్గింది. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి గుప్పుమంది. మళ్ళీ దగ్గింది, ఒక సిలిండరు అందుకుంది, కుంటుతూ కుంటుతూ రెండోదీ అందుకుంది, పడవంతా ఒక్కసారి వణికి, టకటకటకటక మొదలైంది. "వాల్వు!" అని అరిచాడు మామగారు. అప్పటికే ఆమె ఒక్క ఉరుకున కిందికి దిగి వాల్వు తెరిచేసింది. గొట్టంలోంచి నీళ్ళు బుడుంగు బుడుంగుమని బయటపడ్డాయి. అత్తగారు రెండు చేతులూ పైకెత్తి గట్టిగా కేక పెట్టింది. కోడలు ఇంజను మీద అరచెయ్యి పెట్టి, వేడి ఎక్కేదాకా అక్కడే కూర్చుంది. గాలి నిప్పవుతోంది ఈ చేతి కింద, అనుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు.

అరగంట నడిపారు. ఆపి ఆయిలు మార్చారు. ఈసారి పాలరంగు చాలా తగ్గింది. మళ్ళీ నడిపి మళ్ళీ మార్చారు. ఇప్పుడు ఆయిలు తేనెలా తేటగా వచ్చింది. మామగారు చుక్క వేళ్ళ మధ్య రుద్ది, తల ఊపాడు. బతికింది.

"సరే, ఆపు," అన్నాడు.

నాబు లాగి ఆపింది. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, తాడు పట్టుకుని వంతెన మీదికి ఎక్కాడు. అత్తగారిని కూడా రమ్మన్నాడు.

"ఎక్కడికి మామయ్యా?"

"నేను పక్కనుంటే నా మోకాళ్ళూ మోచేతులూ వచ్చి నీ పని చేసేస్తాయి. నీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని దిగిపోతున్నా. మేమటు పోతాం. నువ్వొక్కదానివే లేపు. లేవకపోతే ఎందుకు లేవలేదో నువ్వే కనుక్కో. పుస్తకంలో రాసుకో. ఇక ఆ పుస్తకం నీది."

ఆయన వెనక్కి చూడకుండా నడిచాడు. వంతెన దాటి, రాళ్ళగట్టు చివరిదాకా, చాలా దూరం. అంత దూరంలో ఆయన చేతుల వణుకు కనపడదు, మామూలు ముసలాయనలా ఉన్నాడు. కోడలు ఒక్కతే మిగిలింది. ఆయిలు చూసింది. బెల్టు నొక్కింది. వాల్వు తెరిచింది. బల్ల మీద కూర్చుంది, లేచి వంగి నాబు చేత్తో లోపలికి తోసింది, పుస్తకంలో పదిహేను అని రాసి కింద గీత గీసింది. తాళంచెవి తిప్పింది.

మొదటి తిప్పుకే లేచింది.

గట్టు చివర ఆయన ఠక్కున ఆగిపోయాడు. వెనక్కి తిరిగి పడవవంక చూశాడు. ఏదో తేడా వచ్చిందేమోనని కోడలు బెదిరిపోయి నిలబడింది. ఆయన మాత్రం కదల్లేదు. తల కాస్త పక్కకి వంచి అలాగే వింటున్నాడు. పక్కనున్న అత్తగారిని ఏదో అడిగాడు. ఆవిడకి మెల్లగా మాట్లాడటం చేతకాదు కాబట్టి ఆవిడ జవాబు ఇంజను చప్పుడు మీదుగా, నీళ్ళ మీదుగా పడవ దాకా వచ్చింది.

"అది మన ఇంజనే! ఇంకేం అనుకున్నారు? ముప్పై ఒక్క ఏళ్ళు దాని మీద కూర్చున్నారు, దూరం నుంచి మీరెప్పుడు విన్నారు గనక? నేను విన్నాను! మీరు సముద్రం మీదికి పోయిన ప్రతిసారీ ఇక్కడే నిలబడి విన్నాను. అది వినపడితే మీరు బతికి వస్తున్నట్టు!"

మామగారు గట్టు రాయి మీద మెల్లగా కూర్చుండిపోయాడు. రెండు చేతులూ చెవుల వెనక పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇక చాలు కాబోలనుకుని కోడలు వంగి నాబు మీద చెయ్యి వేసింది.

"ఆపకమ్మాయ్!" అని అరిచాడు ఆయన అంత దూరం నుంచి. "ఆపకు! ఇంకాసేపు విననీ!"

ఆమె నాబు వదిలేసి చుక్కాని పక్కన కూర్చుంది.